తలుపుల్లేని లాకు

బహుళ విదియ

ఈ వేళ అవధానిని నేనడిగిన మొదటి ప్రశ్న: "కాలవలో నీళ్ళకు బదులు మజ్జిగ పారితే లాకు తలుపులు ఆగుతాయా?"

"మజ్జిగ చిక్కనిదా, పలచనిదా చెప్పండమ్మా," అంది.

"పెళ్ళిభోజనాల్లో పోసే మజ్జిగ."

"అయితే నీళ్ళ లెక్కే సరిపోతుంది. ఆగుతాయి," అని నిరూపణ రాసి ఇచ్చింది. గంట మోగింది. దానికి విసుగు రాదు, నాకే వస్తుంది.

ఈ దినచర్య రాయడం కూడా ఉద్యోగంలో భాగమే కాబట్టి ముందు ఉద్యోగం సంగతి. ఏటిగట్టు మీది మా విశ్వవిద్యాలయంలో నిరూపణల విభాగం ఉంది. ఇక్కడ సిద్ధాంతాలు నిరూపించేది యంత్రం. ఎవరో రసికుడు దానికి అవధాని అని పేరు పెట్టాడు. అవధాని ఉన్నాక చుట్టూ ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఉండాలి కదా, అందుకని మా పరిశోధక పోస్టులకూ ఆ పేర్లే వచ్చాయి. సమస్య పోస్టువాళ్ళు దానికి గట్టి ప్రశ్నలిస్తారు. నిషిద్ధం పోస్టువాళ్ళు ఫలానా మెట్టు వాడకూడదని కాళ్ళకు అడ్డం పడతారు. నా పోస్టు పేరు అప్రస్తుతం. నవ్వకండి, నియామక పత్రంలో అలాగే ఉంది. అవధాని పనిలో ఉండగా మధ్యలో దూరి పిచ్చి ప్రశ్నలు వేసి, తడబడుతుందేమో చూడాలి. గంట అనేది వేరే యంత్రం. నిరూపణను మెట్టు మెట్టూ సరిచూసి, తప్పు లేకపోతే ఒకసారి మోగుతుంది. గంట మోగితేనే వంతెనైనా లాకైనా కట్టాలి, మోగినవాటిలో చవకైనదే కట్టాలి అని చట్టం.

ఇన్నేళ్ళలో అవధాని ఏ పిచ్చి ప్రశ్నకూ తడబడలేదు. అందుకని ఈ అమావాస్యతో నా పోస్టు రద్దు.

"ఎస్తేరమ్మా, వేరే చోట చూసుకుంటున్నావా?" అని మా విభాగాధిపతి కొంపెల్ల భాస్కరం గారు వరండాలో ఆపి అడిగారు. మంచివారు. మంచిగా అడిగారు కాబట్టే ఇంకా ఒళ్ళు మండింది.

చవితి

దినచర్యలో తేదీలు వేయమన్నారు గాని, మా లంకలవాళ్ళం తేదీలతో బతకడం మానేశాం. సముద్రం ఇంత పైకొచ్చాక, పోటు ఎప్పుడు ఎంత ఎత్తు వస్తుందో తెలియాలంటే తిథి తెలియాలి. చర్చిలో పాస్టరు గారు కూడా ముందు తిథి చెప్పి, ఆ తర్వాతే ప్రార్థన మొదలుపెడతారు.

చెల్లెలు రూతు ఫోను చేసింది. బాతుల్లంకలో ఉంటుంది, పేరుకు తగ్గట్టు బాతులే పెంచుతుంది. లంక చుట్టూ కట్ట, కట్టకు సముద్రం వైపు ఒకే ఒక్క లాకు. లోపలి నీరు బయటికి పోవాలన్నా అదే దారి, సముద్రం లోపలికి రావాలన్నా అదే దారి. పున్నమికీ అమావాస్యకూ వచ్చే పెద్ద పోట్లకు సముద్రం పొలాలకంటే ఎత్తు లేస్తుంది. అప్పుడు ఇంటికొక మనిషి వెళ్ళి ఇనప చక్రం తిప్పి తలుపులు మూయాలి, నీరు తీశాక మళ్ళీ తెరవాలి.

"పున్నమి పోట్లకి సేతులు బొబ్బలెక్కిపోయినియ్యక్కా," అంది. "అన్నం కలుపుకోటానికి లేదు. ఇయ్యే ఆఖరు. వచ్చే అమావాస్య కాణ్ణించి మీ అవధానే మూసుకుంటాది, అదే తీసుకుంటాది. సక్రం పీకేత్తన్నారంట, తెలుసా? ఆ రోజు మా ఊళ్ళో బోయినాలు కూడా పెడతన్నారు."

తెలుసు. ఎగువ లాకులన్నీ ఏళ్ళ తరబడి అవధానే నడుపుతోంది, ఒక్కచోట కూడా తేడా రాలేదు. సముద్రం ఒడ్డు లాకుల్లో బాతుల్లంకదే మొదటిది. ఎవరి ఉద్యోగం పోయినా రూతు చేతులు బాగుపడతాయి కదా అనుకున్నాను. నిజంగానే సంతోషించాను.

అష్టమి

బాతుల్లంక లాకు మీద అవధానికి పరీక్ష. విభాగమంతా లాంచీలో వెళ్ళాం, పులిహోర పొట్లాలు పంచారు. జలశాఖ కమిషనర్ దంతులూరి శివరామరాజు గారు కుర్చీ వేయించుకుని లాకు పక్కనే కూర్చున్నారు. ఈ ఒక్కరోజుకు చక్రం ముట్టుకోవద్దని ఊరివాళ్ళకు చెప్పి, తలుపులు అవధాని చేతిలో పెట్టారు.

పొద్దున పోటు వచ్చింది, పోయింది. సాయంత్రం దాకా చూశాం. లంకలోకి చుక్క నీరు రాలేదు, అవధాని తలుపులను ఒక్కసారి కూడా కదపలేదు. తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

"చూశారా పొదుపు!" అన్నారు కమిషనర్ గారు. "మనవాళ్ళు ఊరికే మూస్తా తీస్తా తలుపులు అరగ్గొట్టేస్తున్నారు." భాస్కరం గారు సిగ్గుపడుతూ చప్పట్లు అందుకున్నారు.

నేను రూతును పక్కకు పిలిచి, "అష్టమి పోటుకి మీరు తలుపులు మూస్తారా?" అని అడిగాను.

"అష్టమి పోటుకెవడు మూత్తాడే? అది సచ్చు పోటు. సముద్రం మన కాలవకన్నా కిందే ఉండిపోద్ది."

అంటే అవధాని చేసింది సరైనదే. అయినా ఉద్యోగం ఇంకా ఉంది కదా, అడగకుండా ఉండలేకపోయాను. తిరుగు లాంచీలో చేతిలోని టాబ్లెట్‌లో అవధానిని పిలిచాను. "ఇవాళ తలుపులెందుకు మూయలేదు?"

"మూయవలసిన అవసరం రాలేదమ్మా."

"ఎప్పుడొస్తుంది?"

"రాదమ్మా," అంది.

నవమి

ఆ "రాదమ్మా" నన్ను నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే వెళ్ళి యంత్రం ముందు కూర్చున్నాను. అడగందే అమ్మైనా పెట్టదు, ఇదెందుకు పెడుతుంది?

"సముద్రం కొబ్బరిచెట్టంత లేచింది. లాకు తలుపులు తెరిచే ఉన్నాయి. లంకలోకి ఎంత నీరు వస్తుంది?"

"సున్నా అమ్మా."

"సముద్రం తెరిచిన తలుపులోంచి లోపలికి రాదా?"

"రాదమ్మా. లాకు నిర్వచనం ప్రకారం పారే నీరు, లోపలి మట్టంలోంచి బయటి మట్టం తీసేయగా మిగిలినదాన్ని బట్టి ఉంటుంది. బయటిది ఎక్కువైతే మిగిలేది సున్నా."

అవధానికి ఇచ్చిన లాకు నిర్వచనం తీసి మొదటినుంచీ చదివాను. దాన్ని చదివే అవసరం ఎవరికీ రాదు. నిర్వచనానికి ఒకసారి ముద్ర పడితే అందరూ దాని మీద కట్టుకుంటూ పోతారు గాని, పునాది తవ్వి చూడరు.

అందులో నీటి మట్టాలను లెక్కపెట్టే సంఖ్యలతో రాశారు. సున్నా, ఒకటి, రెండు, అలా. మట్టం సున్నాకు తగ్గదు కాబట్టి ఆ సంఖ్యలు చాలనుకున్నారు. కాని లెక్కపెట్టే సంఖ్యల్లో సున్నాకు కింద ఏమీ లేదు. మూడు చేపలున్న బుట్టలోంచి అయిదు తీయమంటే అవధాని తగువు పెట్టుకోదు, మైనస్ రెండు అనదు, ఉన్న మూడూ తీసేసి సున్నా అంటుంది. మా విభాగంలో చేరిన మొదటి వారం ప్రతివాడూ ఈ గోతిలో పడతాడు, సీనియర్లు నవ్వి టీ తాగిస్తారు. ఎగువన ఏరు ఎప్పుడూ పొలాలకు దిగువే. లోపలి మట్టం మూడైతే బయటిది రెండో ఒకటో. తీసివేత ఎప్పుడూ సరిగ్గానే వచ్చింది. బాతుల్లంకలో అమావాస్యకు బయటిది అయిదవుతుంది.

అవధానికి తెలిసిన లోకంలో నీరు బయటికే పోతుంది, లోపలికి రావడమన్నదే లేదు. అలాంటప్పుడు తలుపులు మూయడం దేనికి? అది అమావాస్యకు కూడా వాటిని బార్లా తెరిచి ఉంచుతుంది. చక్రం పీకేసి ఉంటుంది. రూతు భోజనాల పందిట్లో ఉంటుంది.

ఆ తీసివేత కింద రెండు గీతలు గీశాను. భయంతో ఒకటి, కోపంతో ఒకటి.

దశమి

భాస్కరం గారి గదికి వెళ్ళాను. సూటిగా చెప్పాను.

"లాకు నిరూపణలో ఏ మెట్టు తప్పమ్మా?" అన్నారు.

"ఏ మెట్టూ తప్పు కాదండి. గంట మోగింది కదండి."

"పోనీ, సిద్ధాంతం చెప్పినట్టు జరగని సందర్భం ఒకటి చూపించు."

"ఆ నిర్వచనం లోపల ఉంటే అలాంటిది దొరకదండి. నిర్వచనమే తప్పండి. మూడులోంచి అయిదు తీసి సున్నా వేసుకుంటోంది."

ఆయన మొహం ఎర్రబడింది. "అది మొదటి సంవత్సరం పిల్లలు చేసే తప్పు. ఆ నిర్వచనం రాసింది ఎవరనుకున్నావు?"

నాకు తెలియదు. ఆయనే అని అప్పుడే తెలిసింది.

"ఒక్కసారి చూడండి సార్. ఒక్క వాక్యం."

"నేను రాసింది నాకు తెలియదా? దాని మీద ఎన్ని లాకులు నడుస్తున్నాయో తెలుసా నీకు? అష్టమినాడు కళ్ళారా చూశావు కదా." కాగితాలు సర్దుకున్నారు. "అయినా ఎస్తేరూ, నీ పోస్టుకు అడిగే హక్కు ఉంది, అభ్యంతరం చెప్పే హక్కు లేదు. పోస్టు పోతోందని బాధ ఉంటుంది. అర్థం చేసుకోగలను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నారు. మెట్లు దిగుతూ నాలుగో కాలు నేనే పట్టుకొచ్చి బల్ల మీద పెడతానని ఒట్టేసుకున్నాను.

ఏకాదశి

నౌషాద్‌ను పట్టుకున్నాను. సమస్య పోస్టులో ఉంటాడు, పర్మనెంటు, అభ్యంతరం చెప్పే హక్కుంది. నా కంటే చిన్నవాడు. నిర్వచనం చదివి, కుర్చీలో వెనక్కి వాలి, "యా అల్లా," అన్నాడు.

"నువ్వు చెప్పు అభ్యంతరం."

"చెబుతానక్కా. అభ్యంతరాలు వినే బోర్డువాళ్ళు రెండే అడుగుతారు. తప్పు మెట్టు చూపించు, లేదా జరగని సందర్భం చూపించు. రెండూ లేవు. ఇది తప్పు సిద్ధాంతం కాదు. మన లాకుది కాని నిజం ఇది. దాన్ని తీసుకునే కిటికీ బోర్డులో లేదు." కాసేపు పెన్ను నమిలాడు. "లాకును అవధానికి అప్పగించే ముందు చతుర్దశినాడు ప్రశ్నల సభ ఉంది కదా. ఆనవాయితీ ప్రకారం చివరి ప్రశ్న నీదే."

"అప్పటికి సగం మంది కాఫీకి వెళ్ళిపోతారు."

"వెళ్ళనీ. సభలో అవధాని చెప్పిన ప్రతి జవాబుకూ గంట మోగాలి, మోగితే అది కూడా సిద్ధాంతమే. బాతుల్లంక సిద్ధాంతం ఎంత చెల్లుతుందో అదీ అంతే చెల్లుతుంది. అదే నిర్వచనంతో, అదే గంటతో, పసిపిల్లాడు కూడా నమ్మని నిజం ఒకటి చెప్పించు."

నాకు వెంటనే తట్టింది. అవధాని లోకంలో నీరు లోపలికి రాదు కదా. అలాంటప్పుడు లాకుకు తలుపులే అక్కర్లేదు. తలుపుల్లేని లాకు కూడా లంకను కాపాడుతుందని దాని నోటితోనే చెప్పిస్తే? ముల్లును ముల్లుతోనే తీయాలి.

"కాని జాగ్రత్త," అన్నాడు నౌషాద్. "సభకు అధ్యక్షులు భాస్కరం గారే. ఆయన అప్రస్తుతం అని ఒక్క మాటంటే నీ ప్రశ్నా, దాని జవాబూ కొట్టేస్తారు. రికార్డులో ఉండవు. ఆ తర్వాత నీకు ఏ విశ్వవిద్యాలయంలోనూ కుర్చీ ఉండదు."

"ఇప్పుడు మాత్రం ఎక్కడుంది?" అన్నాను.

ద్వాదశి

తలుపుల్లేని లాకును అవధాని ఒప్పుకోలేదు. "తలుపు లేనిదాన్ని లాకు అనరమ్మా. నిర్వచనంలో తలుపు ఉండి తీరాలి." ఎంత పద్ధతిగా మాట్లాడుతుందో. లంక మునిగినా ఇదే మర్యాదతో సంతాపం చెబుతుంది.

ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు అన్నాను. "మూసే వీలు కూడా ఉండాలమ్మా." కాగితం తలుపు అన్నాను. బలం చాలదని తోసేసింది. జల్లెడ తలుపు అన్నాను. కన్నాలకు నిర్వచనంలో చోటు లేదంది. రోజంతా ఇలాగే తన్నుకున్నాను. మధ్యాహ్నం డబ్బా విప్పడం మరిచిపోయాను, చేపల కూర పాడైంది.

సాయంత్రం రూతుకు ఫోన్ చేసి విషయం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఇన్నేళ్ళకి మా సేతులకి తెరిపొత్తంటే నీకు ఇప్పుడు తప్పులు కనపడినియ్యా?" అంది. "ఊరంతా ఒకదారంటే ఉలిపికట్టెదొక దారంట. నువ్వక్కడ ఫేను కింద కూకుని బుర్రతక్కువ ప్రశ్నలడుగుతావు. పోటొత్తే సక్రం తిప్పేది నేను."

"అందుకేనే చెబుతున్నాను."

"మొన్న అష్టమికి అందరం సూసేం. బానే ఉంది." ఫోన్ పెట్టేసింది.

చెల్లెలికే నమ్మకం కలిగించలేకపోయాను, సభను ఏం నమ్మిస్తాను? చాలా ఏడుపొచ్చింది. ఏడ్చేసి, మొహం కడుక్కుని, మళ్ళీ నిర్వచనం ముందు కూర్చున్నాను.

త్రయోదశి

దొరికింది.

తలుపుకు వెడల్పు ఉండాలంది నిర్వచనం. ఎంతో చెప్పలేదు. వెడల్పు కూడా లెక్కపెట్టే సంఖ్యే. లెక్కపెట్టే సంఖ్యలు ఎక్కడ మొదలవుతాయి?

"తలుపు వెడల్పు సున్నా," అన్నాను.

అవధాని కాస్త ఆగింది. దానికి ఆలోచన అంటూ ఉంటే అది ఆలోచించిందనే అంటాను. "సున్నా కూడా సంఖ్యేనమ్మా. ఒప్పుకుంటాను."

"సున్నా వెడల్పు తలుపును మూస్తే?"

"మూసినట్టే. నిర్వచనానికి సరిపోతుంది."

మిగిలింది అడగకుండా లేచొచ్చేశాను. జవాబు సభలో రావాలి. నౌషాద్‌కు చెబితే క్యాంటీన్‌లో అందరిముందూ నాకు దణ్ణం పెట్టాడు.

చతుర్దశి

సభ జరిగింది. జరిగినట్టే రాస్తున్నాను.

వేదిక మీద మధ్యలో భాస్కరం గారు, పక్కన కమిషనర్ గారు. ముందు వరుసలో బాతుల్లంకవాళ్ళు, కొత్త చీరలు, కొత్త చొక్కాలు. రూతు నావైపు చూడలేదు. చక్రం విప్పే మిస్త్రీలు అప్పటికే లాంచీలో సామాన్లు పెట్టుకుని సభ ముగియడం కోసం కాచుకుని ఉన్నారు. సమస్యవాళ్ళు అడిగారు, నిషిద్ధంవాళ్ళు అడ్డుపడ్డారు, అవధాని అందరికీ జవాబిచ్చింది, గంట మోగుతూ పోయింది.

నా వంతు వచ్చేసరికి కుర్చీలు జరుగుతున్న చప్పుడు. కాఫీ వాసన కూడా వస్తోంది. లేచి నిలబడ్డాను.

"అవధానీ, బాతుల్లంక లాకు తలుపుల వెడల్పు సున్నా అనుకుందాం. అంటే తలుపుల్లేవు, ఉత్త గండి. రేపటి అమావాస్య పోటుకు లంక సురక్షితమా?"

నవ్వులు వినిపించాయి. ఎవరో, "పాపం, ఆఖరి రోజు," అన్నారు.

"అప్రస్తుతమైనా చెబుతానమ్మా," అంది అవధాని. "సురక్షితమే. నిరూపణ ఇదిగో."

గంట మోగింది.

నవ్వులు ఆగలేదు, ఇంకా పెరిగాయి. అప్పుడు కమిషనర్ గారు మైకు దగ్గరకు లాక్కున్నారు. నేను ఊహించనిది ఇదే. "ఆగండాగండి. గంట మోగింది కదా? అంటే తలుపులు లేకపోయినా పర్లేదన్నమాట. మోగినవాటిలో చవకైనదే కట్టాలని చట్టం చెబుతుంది. మరి తలుపులెందుకండీ? చక్రంతో పాటు అవి కూడా ఇవాళే పీకించేస్తే పోదా?"

ముందు వరుసలోంచి రూతు లేచింది.

"అక్కా! తలుపులు పీకించేత్తావా? మమ్మల్ని ముంచేత్తావా? నీకేం సేసేమే మేము?" ఆమె వెనక లంకవాళ్ళంతా లేచారు. తలుపులు లేకుండా ఎలాగండీ, పొలాలన్నీ పోతాయండీ, ఎవరు సెప్పేరండీ ఈ మాట అని ఒకటే గోల. ఆ గోల మధ్యలో నేను భాస్కరం గారినే చూస్తూ నిలబడ్డాను. సభలో నవ్వనివారు ఆయనొక్కరే.

ఆయన ఒక్క మాటంటే చాలు. అప్రస్తుతం. ప్రశ్న పోతుంది, జవాబు పోతుంది, తలుపులు ఉంటాయి, చక్రం పోతుంది, ఆయన పేరు నిలుస్తుంది. ఆ మాట కోసం కమిషనర్ గారు, రికార్డు రాసే గుమాస్తా కూడా ఆయన వైపు తిరిగారు.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అవధానీ," అన్నారు. "లాకు నిర్వచనం ప్రకారం, మూడులోంచి అయిదు పోతే ఎంత?"

"సున్నా అండి."

సభలో గణితంవాళ్ళంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. మొదటి వారం ఆ గోతిలో పడనివాడు వాళ్ళలో ఎవడూ లేడు. వాళ్ళ నిశ్శబ్దం చూసి లంకవాళ్ళు కూడా గోల ఆపారు.

"ఈ ప్రశ్న అప్రస్తుతం కాదు," అన్నారు భాస్కరం గారు. "రికార్డులో ఉంచండి. ఈ నిర్వచనంలో సముద్రం లంకలోకి రాలేదు. నిజం సముద్రానికి ఆ సంగతి తెలియదు. నిర్వచనం రాసినవాణ్ణి నేనే, బాతుల్లంక సిద్ధాంతాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. రాజుగారూ, మిస్త్రీలను పంపేయండి. చక్రం మీద ఎవరూ చెయ్యి వేయవద్దు."

ఆ తర్వాత ఆయన వేదిక దిగి నా పక్కనుంచే వెళ్ళారు. "ఆ రోజే ఆ ఒక్క వాక్యం చూసుంటే సరిపోయేది," అన్నారు. నాకు గెలిచిన సంతోషం ఉంటుందనుకున్నాను. ఆయన వీపు చూస్తే గుండె బరువెక్కింది.

అమావాస్య

పొద్దున పోటుకే బాతుల్లంక చేరాను. అప్పగింత ఎలాగూ అయిపోతుంది, భోజనాల వేళకు తిరిగొద్దామనుకుని సగం ఊరు పొరుగూరి చర్చిలో పెళ్ళికి తరలిపోయింది. సభ సంగతి వాళ్ళకు అందేసరికి పడవలు దూరంగా ఉన్నాయి. లాకు దగ్గర మనుషులు చాల్లేదు. మూయడం ఆలస్యమైంది, నీరు అప్పటికే లాకు గడప దాటి సుళ్ళు తిరుగుతూ లోపలికి తోసుకొస్తోంది. తలుపులు ఆ నీటికి ఎదురు వెళ్ళాలి.

రూతు చక్రం దగ్గర ఉంది. నన్ను చూసి పలకరించలేదు. పైట బిగించి, పక్కకు జరిగి చోటిచ్చింది. అంతే చాలనుకుని చేతులు వేశాను.

చక్రం కొంచెం తిరిగి ఆగిపోయింది. ఎంత తోసినా కదలదు.

అప్పుడు గట్టు మీదనుంచి ఒక మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి, బురదలో జారుతూ వచ్చారు. భాస్కరం గారు. మొదటి లాంచీలో వచ్చారట. ఏమీ అడగలేదు. చెప్పులు గట్టు మీద పడేసి నాకూ రూతుకూ మధ్య దూరారు.

"మీరొద్దండి, నడుం పట్టేత్తాది," అంది రూతు.

"పట్టనీయమ్మా," అన్నారు.

రూతు ఆయన మెత్తటి అరచేతులు చూసింది. తన తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, "సుట్టుకోండి, బొబ్బలెక్కుతాయి," అని ఇచ్చింది. ముగ్గురం తోశాం, మిగతావాళ్ళు అటునుంచి తోశారు. తలుపు మూలిగి, జానెడు కదిలింది. మళ్ళీ ఆగింది. ఆయన భుజం ఆనించి, కళ్ళు మూసుకుని రొప్పుతున్నారు.

"రేపు పెందరాళే రా, ఎస్తేరూ," అన్నారు ఊపిరి మధ్యలో. "నీ పోస్టు రద్దు కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. నా నిర్వచనాలు ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటినీ అడుగు."

"అడుగుతానండి."

"ఇది... ఈ బరువు... ఎంతుంటుందంటావు?"

"లోపలి మట్టంలోంచి బయటి మట్టం తీసేయండి సార్."

ఆయన తల తిప్పి, లాకు గోడకు రెండు వైపులా ఉన్న కొలబద్దలను చూశారు. ఇటు చూశారు, అటు చూశారు. పెదాలు కదిలాయి.

"సున్నా మాత్రం కాదు," అన్నారు.

"కబుర్లు తరవాతండి," అంది రూతు. "ముందు తొయ్యండి."

తోశాం.